బిల్ట్‌మోర్: ఇల్లు ఎవరిది, అడవి ఎవరిది?

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఆష్‌విల్ పట్టణం పక్కన, బ్లూ రిడ్జ్ పర్వతాల నడుమ ఉన్న బిల్ట్‌మోర్ ఎస్టేట్ గురించి ఇటీవల పాఠకుల నుంచి అనేక ఉత్తరాలు వచ్చాయి. పిల్లల దగ్గరికి వెళ్ళినవారు చూసి వచ్చి రాసినవే వాటిలో ఎక్కువ. అడిగిన విషయాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాము.

ప్రశ్న: మా అమ్మాయి వాళ్ళు మమ్మల్ని బిల్ట్‌మోర్‌కు తీసుకువెళ్ళారు. గదులు లెక్కపెడదామని మొదలుపెట్టి మధ్యలోనే మానేశాను. రాజులు లేని దేశంలో ఇంత పెద్ద కోట ఎవరు కట్టుకున్నారు? అదీ నగరంలో కాకుండా కొండల్లో ఎందుకు?

జవాబు: మీరు లెక్క మానేసి మంచి పని చేశారు. ఆ ఇంట్లో 250 గదులున్నాయి. వాటిలో పడకగదులు 35, స్నానాల గదులు 43, ఫైర్‌ప్లేస్‌లు 65. దీన్ని కట్టించిన జార్జ్ వాషింగ్టన్ వాండర్‌బిల్ట్ రాజు కాదు, వ్యాపారి కూడా కాదు. పడవలతోనూ రైళ్ళతోనూ అపారమైన సంపద గడించిన కొర్నీలియస్ వాండర్‌బిల్ట్‌కు ఆయన మనవడు. తండ్రి విలియం హెన్రీ 1885లో చనిపోయేనాటికి ఆ ఆస్తి దాదాపు 20 కోట్ల డాలర్లకు పెరిగింది. అందులో సింహభాగం ఇద్దరు పెద్దకొడుకులకు పోయింది. కడగొట్టువాడైన జార్జ్‌కు వచ్చింది వాళ్ళతో పోలిస్తే తక్కువే. వ్యాపారం మీద ఆయనకు ఆసక్తి లేదు, పుస్తకాలన్నా చిత్రాలన్నా ప్రయాణాలన్నా మాత్రం ప్రాణం. కుటుంబంలో అంతగా సంపాదించని మనిషే అందరికంటే పెద్ద ఇల్లు కట్టుకోవడం ఈ కథలో మొదటి విచిత్రం.

ఆష్‌విల్‌కు 1880లో రైలు వచ్చింది. ఆ తరువాత ఆ ఊరు గాలి మార్పు కోసం, ముఖ్యంగా ఊపిరితిత్తుల జబ్బుల నుంచి కోలుకోవడం కోసం వచ్చేవారికి పేరుపొందిన విడిది అయింది. జార్జ్ 1888లో తల్లితో కలిసి అక్కడికి వచ్చారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళ చిల్లర. ఎదురుగా పిస్గా శిఖరం కనిపించే ఒక చోటు ఆయన మనసుకు నచ్చింది. కొనేది వాండర్‌బిల్ట్ అని తెలిస్తే ధర పెరుగుతుందని, తన పేరు బయటకు రాకుండా న్యాయవాది ద్వారా ముక్కముక్కగా భూమి కొనడం మొదలుపెట్టారు. ఆ ముక్కలన్నీ కలిసి చివరికి 1,25,000 ఎకరాలు అయ్యాయి.

నిర్మాణం 1889లో మొదలైంది. వాస్తుశిల్పి రిచర్డ్ మోరిస్ హంట్ ఫ్రాన్స్‌లోని బ్లువా, షనన్సో, షాంబోర్ వంటి కోటలను మనసులో పెట్టుకుని నమూనా గీశారు. బయట నుంచి చూస్తే కనిపించే మెలితిరిగిన మెట్ల గోపురం బ్లువా కోటను గుర్తుచేసేది. అయితే నమూనా గీయడం కంటే సామగ్రిని పైకి చేర్చడం కష్టమైన పని. రాయి వందల మైళ్ళ దూరంలోని ఇండియానా నుంచి రావాలి. కొండదారిలో బండ్ల మీద లాగితే ఒక తరం పడుతుంది. అందుకని స్టేషన్ నుంచి ఇల్లు కట్టే చోటికి 3 మైళ్ళ మేర ప్రత్యేకంగా రైలు పట్టాలు వేశారు. ఆవరణలోనే ఇటుకల బట్టీ పెట్టారు. అది రోజుకు 32,000 ఇటుకలు కాల్చేది. సుమారు వెయ్యిమంది కూలీలు, 60 మంది రాతిపనివారు ఆరేళ్ళు శ్రమించారు. హంట్ 1895 జులైలో కన్నుమూశారు. కొన్ని నెలల తరువాత, అదే ఏడాది క్రిస్మస్ ముందురోజు సాయంత్రం, జార్జ్ తన బంధువులను పిలిచి గృహప్రవేశం చేశారు. అప్పటికి ఆయనకు పెళ్ళి కాలేదు. 250 గదుల ఇంట్లో యజమాని ఒంటరిగా ఉండేవారన్నమాట. ఈడిత్ డ్రెస్సర్‌తో వివాహం 1898లో పారిస్‌లో జరిగింది, ఏకైక సంతానం కొర్నీలియా 1900లో ఈ ఇంట్లోనే పుట్టింది.

ప్రశ్న: అమెరికాలో అడవుల సంరక్షణ శాస్త్రం బిల్ట్‌మోర్‌లోనే పుట్టిందని మా అబ్బాయి అన్నాడు. ఒక ధనవంతుడి విలాసానికీ అడవుల శాస్త్రానికీ సంబంధం ఏమిటి?

జవాబు: మీ అబ్బాయి చెప్పినదాంట్లో అతిశయోక్తి చాలా తక్కువ. నా అభిప్రాయంలో బిల్ట్‌మోర్ గొప్పతనం ఇంట్లో కంటే ఇంటి వెనుక అడవిలోనే ఎక్కువ.

ఇప్పుడు ఇంటి చుట్టూ కనిపించే దట్టమైన చెట్లను చూసి, సహజమైన అడవి మధ్యలో ఇల్లు కట్టారని చాలామంది అనుకుంటారు. జరిగింది దానికి తిరగబడి ఉంది. జార్జ్ కొన్ననాటికి ఆ నేలలో చాలాభాగం పదేపదే నరికి, కాల్చి, దున్ని సారం పోగొట్టుకున్న భూమి. మంచి మానులన్నీ ఎప్పుడో కలపగా వెళ్ళిపోయాయి. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌ను రూపొందించిన ఫ్రెడరిక్ లా ఆమ్‌స్టెడ్‌ను ఉద్యానాల కోసం పిలిపించినప్పుడు, ఎస్టేట్ అంతటినీ ఒక పెద్ద పార్కుగా మార్చాలని యజమాని ఆశించారు. ఆమ్‌స్టెడ్ ఆ మాట మీద నీళ్ళు చల్లారు. ఈ నేల పార్కుకు పనికిరాదని, ఇంటి చుట్టూ చిన్న ఉద్యానం ఉంచుకుని, నది ఒడ్డు పల్లపు భూముల్లో వ్యవసాయం చేసి, మిగిలినదంతా అడవిగా పెంచమని, ఆ అడవిని నరికి పారేయకుండా ఆదాయం తీసే పద్ధతిలో నడపమని సలహా ఇచ్చారు. కోటీశ్వరుడికి ఎదురుగా నిలబడి నీ నేల మంచిది కాదని చెప్పగలిగిన పెద్దమనిషిని, ఆ మాట విని ఆచరించిన యజమానిని ఇద్దరినీ మెచ్చుకోవాలి.

ఆమ్‌స్టెడ్ సిఫారసు మీద 1892లో గిఫర్డ్ పించో అనే యువకుడు ఎస్టేట్ అటవీ నిపుణుడిగా చేరారు. ఐరోపాలో ఈ విద్య నేర్చుకుని వచ్చిన ఆయనే తరువాత, 1905లో, అమెరికా ప్రభుత్వ అటవీ శాఖకు మొదటి అధిపతి అయ్యారు. ఆయన తరువాత 1895లో జర్మనీ నుంచి కార్ల్ షెంక్ వచ్చారు. ఏ చెట్టు నరకాలి, ఏది వదలాలి, నరికిన చోట ఏది మొలుస్తుంది, కలపను దించడానికి దారి ఎక్కడ వేయాలి అన్నవి తరగతి గదిలో కాకుండా గుర్రం మీద అడవి తిరుగుతూ నేర్పాలన్నది షెంక్ పట్టుదల. 1898లో ఆయన ప్రారంభించిన బిల్ట్‌మోర్ ఫారెస్ట్ స్కూల్ ఆ దేశంలో మొట్టమొదటి అటవీ విద్యాలయం. అది 1913లో మూతపడింది.

జార్జ్ 1914 మార్చిలో, అపెండిసైటిస్ శస్త్రచికిత్స తరువాత, 51వ ఏట హఠాత్తుగా మరణించారు. తూర్పు రాష్ట్రాల్లో ప్రభుత్వం అడవుల కోసం భూములు కొనడానికి వీలు కల్పించే చట్టం 1911లో వచ్చి ఉంది. జార్జ్ పోయిన 1914లోనే ఈడిత్ సుమారు 86,700 ఎకరాల కొండ భూమిని ఎకరం 5 డాలర్ల చొప్పున ప్రభుత్వానికి అమ్మారు. 1916లో ఏర్పడిన పిస్గా నేషనల్ ఫారెస్ట్‌కు ఆ భూమే మూలం. ఒకప్పుడు ఒక్క మనిషి వేటకు దాచుకున్న కొండల్లో ఇవాళ ఎవరైనా నడవవచ్చు, గుడారం వేసుకుని పడుకోవచ్చు. షెంక్ బడి ఉన్న ప్రాంతాన్ని 1968లో ‘అమెరికా అటవీ శాస్త్రానికి ఉయ్యాల’ అన్న అర్థం వచ్చే పేరుతో చారిత్రక స్థలంగా ప్రకటించారు. బిల్ట్‌మోర్ చూడబోయేవారు వీలైతే ఒక పూట అక్కడికీ కేటాయించాలి. బంగళా చూసి అడవి చూడకుండా తిరిగిరావడం అంటే సగం కథ చదివి పుస్తకం మూసేసినట్టే.

ప్రశ్న: 1,25,000 ఎకరాలు ఖాళీగా ఉండి ఉండవు కదా. అక్కడ ముందు నుంచి ఉన్నవారు ఏమయ్యారు?

జవాబు: మీ ప్రశ్న సరైనది. గైడ్లు ఎక్కువగా ప్రస్తావించనిది కూడా. ఇల్లు కట్టిన ప్రాంతానికి దగ్గర్లో షైలో అనే పేరుతో నల్లజాతివారి పల్లె ఉండేది. బానిసత్వం నుంచి విముక్తులైన కుటుంబాలు స్వంతంగా కొనుక్కున్న చిన్న చిన్న కమతాలు, ఒక చర్చి, ఒక శ్మశానం అక్కడ ఉండేవి. ఎస్టేట్ కోసం ఆ భూములు కొన్నారు. చర్చిని, సమాధులను కూడా వేరే చోటికి తరలించారు. డబ్బు చెల్లించే కొన్నారన్నది నిజం. కానీ తాతల సమాధులతో సహా ఊరు కదిలిపోవడం ఒట్టి అమ్మకం కొనుగోలు అనిపించుకోదు. ఆష్‌విల్ దక్షిణ భాగంలో షైలో అనే పేట ఇప్పటికీ ఉంది.

భవన నిర్మాణంలో నల్లజాతి కార్మికులు పెద్ద సంఖ్యలో పనిచేశారు. వారి కోసం ఆష్‌విల్ పట్టణంలో 1893లో ‘యంగ్ మెన్స్ ఇన్‌స్టిట్యూట్’ అనే భవనం వెలిసింది. దానికి జార్జ్ అప్పు ఇచ్చారు, నమూనా బిల్ట్‌మోర్‌లో పనిచేసిన రిచర్డ్ షార్ప్ స్మిత్ గీశారు. 1906లో ఆ సమాజంవారే దాన్ని కొనుక్కున్నారు. ఆ భవనం ఇప్పటికీ నిలిచే ఉంది. బిల్ట్‌మోర్ కథలో అదీ ఒక గదే అని నేను భావిస్తాను.

ప్రశ్న: ఇంత పెద్ద భవనాన్ని ప్రభుత్వానికి అప్పగించకుండా ఒక కుటుంబం మ్యూజియంగా నడపడం ఎలా సాధ్యం? టికెట్ డబ్బులతో గిట్టుబాటు అవుతుందా?

జవాబు: చాలాకాలం గిట్టుబాటు కాలేదు. జార్జ్ బతికి ఉన్నప్పుడే ఎస్టేట్ ఖర్చులు ఆయన ఆదాయాన్ని తినేస్తూ వచ్చాయి. పాడి, నర్సరీ, కోళ్ళు, కూరగాయలు పెట్టింది కొంత సరదా కోసమే అయినా, ఎక్కువగా ఇంటి ఖర్చును ఇంటి చుట్టూ ఉన్న నేలే భరించాలన్న ఆలోచనతో. 1916 జులైలో వచ్చిన వరద ఆ నర్సరీని తుడిచిపెట్టింది. అడవి అమ్మకం కూడా ఈ ఒత్తిడిలో భాగమే.

కొర్నీలియా 1924లో జాన్ సెసిల్ అనే ఆంగ్లేయుణ్ణి పెళ్ళి చేసుకుంది. ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చినప్పుడు, పట్టణానికి యాత్రికులు రావడం కోసం ఇంటిని ప్రజలకు చూపించమని ఆష్‌విల్ పెద్దలు ఆ దంపతులను కోరారు. 1930 మార్చి 15న తలుపులు తెరుచుకున్నాయి. కాబట్టి ‘మ్యూజియం ఎందుకైంది’ అన్న ప్రశ్నకు సూటి జవాబు ఇది: కళాభిమానం వల్ల కాదు, ఊరి అవసరం వల్ల, ఇంటి అవసరం వల్ల. అదే ఏడాది నవంబరులో ఊళ్ళోని ప్రధాన బ్యాంకు కూలింది. అప్పట్లో మోసిన అప్పులను ఆష్‌విల్ 1976 దాకా తీరుస్తూనే ఉందంటే ఆ దెబ్బ ఎంతటిదో ఊహించవచ్చు. కొర్నీలియా కొద్దికాలానికే భర్తనుంచి విడిపోయి ఆ ఇల్లు వదిలి వెళ్ళిపోయింది, తిరిగి రాలేదు. ఇల్లు మాత్రం మ్యూజియంగా కొనసాగింది. చూడడానికి వచ్చేవారు తక్కువ, మరమ్మతులు ఎక్కువ.

ఆమె చిన్న కొడుకు విలియం సెసిల్ న్యూయార్క్‌లో బ్యాంకు ఉద్యోగం మానుకుని 1960లో తిరిగి వచ్చారు. ఏడాదికేడాది నష్టాలు తెస్తున్న ఇంటిని వదిలించుకోమని చెప్పినవారే ఎక్కువ. ఆయన ప్రకటనలు స్వయంగా రాసి, ఫోటోలు స్వయంగా తీసి, దారిలో ఉన్న హోటళ్ళలో కరపత్రాలు పంచుతూ తిరిగారు. 1969లో మొదటిసారి లాభం కనిపించింది. ఆయనే చెప్పుకున్న ప్రకారం ఆ లాభం 16 డాలర్ల 34 సెంట్లు. ఆ సంఖ్యను ఎన్నిసార్లు చదివినా నాకు నవ్వు వస్తుంది. ఆ ఇంట్లో ఒక్క పూట పూలకుండీలకే అంతకు మించి ఖర్చయి ఉండాలి. కానీ దిశ మారింది. అన్నదమ్ముల పంపకంలో పెద్దవాడైన జార్జ్ సెసిల్‌కు అప్పటికి బాగా ఆదాయం తెచ్చే పాడి పరిశ్రమ, చుట్టుపక్కల భూములు వచ్చాయి. ఇల్లూ సుమారు 8,000 ఎకరాలూ విలియం వైపు నిలిచాయి. 1985లో పాత పశువుల కొట్టాన్ని ద్రాక్షసారాయి తయారుచేసే వైనరీగా మార్చారు. 2001లో ఆవరణలో హోటల్ కట్టారు. ఇంటి మరమ్మతు ఖర్చులు ఈ వ్యాపారాల నుంచి, టికెట్ల నుంచి వస్తాయి. నిపుణుల బృందం ఎస్టేట్‌లోనే ఉండి పాత నేత చిత్రాలను, కుర్చీల గుడ్డలను, పుస్తకాల అట్టలను బాగుచేస్తుంటుంది. గదుల్లో వెలుతురు మరీ మందంగా ఉందని మీలో కొందరు ఫిర్యాదు చేశారు. అది పొదుపు కోసం చేసింది కాదు. ఎండ తగిలితే వందల ఏళ్ళ నాటి రంగులు వెలిసిపోతాయని కిటికీలకు తెరలు దించి ఉంచుతారు.

కుటుంబం చేతిలో ఉండడం వల్ల లాభమూ ఉంది, నష్టమూ ఉంది. సామాన్లు చెల్లాచెదురు కాకుండా ఉన్న చోటే ఉన్నాయి. వేలం పాటల్లో చెదిరిపోయిన ఇతర భవనాల గతి దీనికి పట్టలేదు. కాకపోతే ఏ కథ చెప్పాలో, ఏది క్లుప్తంగా దాటేయాలో నిర్ణయించేది కూడా కుటుంబమే. షైలో గురించి అడిగిన పాఠకురాలికి ఆ సంగతి అనుభవంలోకి వచ్చే ఉంటుంది.

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఇంట్లో చిత్రాలు దాచారట. నిజమేనా?

జవాబు: నిజమే. వాషింగ్టన్ నగరం మీద బాంబులు పడవచ్చునన్న భయంతో 1942లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌వారు 62 చిత్రాలను, 17 శిల్పాలను రైలులో ఇక్కడికి పంపారు. వాటిలో రాఫెల్, రెంబ్రాంట్ వంటి మహామహుల కృతులున్నాయి. అవన్నీ ఉన్నది జార్జ్ ఎన్నడూ పూర్తిచేయని మ్యూజిక్ రూమ్‌లో. గోడలకు పూత కూడా లేని ఆ గది, ఉక్కు తలుపుల వెనుక, 1944 దాకా దేశంలో అత్యంత విలువైన గదుల్లో ఒకటిగా ఉంది. దాన్ని పూర్తిచేసి సందర్శకులకు తెరిచింది 1976లో.

ప్రశ్న: వచ్చే నెల మేము వెళ్తున్నాం. ఒక్క రోజే ఉంటాం. తప్పక చూడవలసినవి ఏవి? 2024 తుపాను తరువాత అక్కడ పరిస్థితి బాగానే ఉందా?

జవాబు: 2024 సెప్టెంబరు 27న హెలీన్ తుపాను ఆష్‌విల్‌ను అతలాకుతలం చేసింది. ఎస్టేట్ ద్వారం దగ్గరున్న బిల్ట్‌మోర్ విలేజ్ బాగా మునిగింది. ఇల్లు ఎత్తు మీద ఉండడం వల్ల పెద్దగా దెబ్బతినలేదు. నవంబరు 2న మళ్ళీ తెరిచారు. నిరభ్యంతరంగా వెళ్ళండి.

గ్రంథాలయంలో తలెత్తి చూడండి. పైకప్పు మీద ఉన్న చిత్రం 18వ శతాబ్దపు వెనీస్ చిత్రకారుడు పెల్లెగ్రినీ వేసినది. ఆ నగరంలోని ఒక ప్రాసాదం నుంచి తెచ్చి ఇక్కడ అమర్చారు. కింద అరల్లో సుమారు 10,000 పుస్తకాలున్నాయి, అవి అలంకారానికి పెట్టినవి కావు, చదివినవి. భోజనశాల పైకప్పు 70 అడుగుల ఎత్తు. అక్కడ అందరూ ఆగుతారు కాబట్టి మీరు కాస్త ముందుకు నడవండి. పెద్ద మెట్ల దగ్గర నుంచి వేలాడే ఇనుప షాండ్లియర్‌ను కిందనుంచి కాకుండా మూడో అంతస్తు నుంచి చూస్తే దాని బరువు మనకు అర్థమవుతుంది.

నా మాట వింటే ఎక్కువ సమయం నేలమాళిగకు ఇవ్వండి. అక్కడ ఖాళీ ఈతకొలను ఉంది. తెల్లటి టైళ్ళు, నీళ్ళలో వెలగడానికి గోడల్లో అమర్చిన దీపాలు, ఈత రానివారు పట్టుకోవడానికి అంచుల వెంట కట్టిన తాళ్ళు అలాగే ఉన్నాయి. పైకప్పు కమానులో ఇటుక బిళ్ళలను ఒకదానికొకటి అతికిస్తూ పేర్చిన పద్ధతి స్పెయిన్ నుంచి వచ్చిన రఫాయెల్ గుస్తవీనోది. చాకిరేవు గదిలో గోడలో దాగిన చెక్క చట్రాలు ఉంటాయి. బట్టలు వాటి మీద వేసి లోపలికి తోస్తే వేడికి ఆరిపోతాయి. పక్కనే పనివారి చిన్న గదులు, వంటశాలలు, ఏ గదిలో గంట కొడితే ఏ గుర్తు కదులుతుందో చూపించే పెట్టె ఉన్నాయి. మేడ మీద ఎవరు పిలిచినా నేలమాళిగలోని పనివారు ఎంత దూరం నడవవలసి వచ్చేదో ఆ పెట్టె చూస్తే తెలుస్తుంది.

చివరగా గోడల నిండా గబ్బిలాలు, పిల్లులు, బొమ్మ సైనికులు ఉన్న ఒక గది కనిపిస్తుంది. దాని పేరు హాలోవీన్ గది. హాలోవీన్ పండుగ కోసం వేసిన బొమ్మలని చాలాకాలం అందరూ నమ్మారు. అసలు అవి 1925 డిసెంబరు చివర కొత్త సంవత్సరపు విందు కోసం కొర్నీలియా దంపతులు, వారి స్నేహితులు కలిసి, అప్పట్లో ప్రసిద్ధి చెందిన ఒక రష్యన్ వినోద ప్రదర్శన స్ఫూర్తితో గీసినవి. పేరు పొరపాటని ఎస్టేట్‌వారికి తెలిసినా పాత పేరుతోనే పిలుస్తున్నారు.